నల్ల పట్టీ చెరిపిన గిరకలు

మొన్న వేసవిలో, నాతోపాటు బస్సు డిపోలో పనిచేసిన పాత మిత్రుడి మనుమరాలి పెండ్లికి చిట్యాల దగ్గర హైవే మీదున్న ఒక ఫంక్షన్ హాలుకు వెళ్ళాను. భోజనాల వరుసలో నిలబడి ఉండగా, జనం తోసుకోకుండా పెట్టిన ఇనుప రెయిలింగులో ఒక పైపు నడుము దగ్గర లోపలికి వంగి కనబడింది. అంతే, పళ్ళెం ఎడమచేతికి మార్చుకుని కుడిచేత్తో ఆ వంపును తడమడం మొదలుపెట్టాను. వంపు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఏ వైపు నుంచి నొక్కితే తీరుతుంది అని వేళ్ళు నన్నడగకుండానే చూసుకుంటున్నాయి. వెనకున్న ఒకాయన "జర ముందుకు నడువు పెద్దమనిషీ, అన్నం సల్లారిపోతాంది" అని కసిరేదాకా ఈ లోకంలో లేను. నా ఈడు వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, పని మనల్ని వదిలేసినా చేతులు పనిని వదలవు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. వంగిన పైపు కనబడితే మా అన్న గుర్తొస్తాడు, అన్న గుర్తొస్తే నోరంతా చేదవుతుంది.

మాది మోత్కూరు వైపు ఒక ఊరు. ఊరు అన్నాను గానీ మేము ఉండేది ఊళ్ళో కాదు, ఊరికి అవతల. పాత బోర్డు మీద హరిజనవాడ అని ఉండేది, మా నోట్లో మాత్రం ఎప్పుడూ వాడ అనే. నాయిన కూలి చేసి మమ్మల్ని సాకాడు. నేను నాలుగు అక్షరాలు నేర్చుకుని బస్సు డిపోలో బాడీ సెక్షనులో చేరి, ముప్పాతిక జీవితం బస్సుల వంగిన రేకులు, విరిగిన కడ్డీలు సరిచేస్తూ గడిపి, తెలంగాణ వచ్చిన కొత్తలో రిటైరై ఇంటికి వచ్చాను. అన్న ఊరు వదల్లేదు. కూలి చేశాడు, గొర్రెలు కాశాడు, కొన్నాళ్ళు ప్రార్థనా మందిరంలో డోలు కొట్టాడు, చివరికి వదినా తనూ కూడబెట్టిన దానితో వాడలో ఒక టెంటు హౌసు పెట్టాడు. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, వాటన్నిటికంటే ముఖ్యంగా టెంటును నిలబెట్టే ఇనుప పైపులు. చుట్టుపక్కల ఊళ్ళ వాడల్లో పెండ్లయినా, చావైనా, క్రిస్మసు సభలైనా మా అన్న టెంటే పడేది. నలుగురూ "టెంటు పెద్దాయన" అంటుంటే మీసం కింద నవ్వుకునేవాడు.

కానీ అన్నకు ఒక కోరిక ఉండేది, అది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఊళ్ళో, అంటే వాడకూ ఊరికీ మధ్యనున్న బాట అవతల, ఒక్క పెండ్లికి తన టెంటు పడాలని. ఊళ్ళో వేరే టెంటు హౌసు ఉంది, దాని యజమానిని అందరూ సేటు అనేవారు. మూఢం పోయి పెండ్లిళ్ళన్నీ ఒక్కసారి వచ్చిపడి సేటు టెంట్లు చాలకపోతే, ఊరివాళ్ళు మోత్కూరు నుంచి ట్రాక్టరు కిరాయి పెట్టి తెప్పించుకునేవారు గానీ పిలిస్తే పలికే దూరంలో ఉన్న మా అన్నను అడిగేవారు కాదు. ఎందుకడగరో నోరు తెరిచి ఎవరూ అనరు. "మీవి పాత గుడ్డలు గదా" అని ఒకరు, "మీ పైపులు సక్కగుండయి" అని ఒకరు ఏదో ఒకటి చెప్పేవారు. గుడ్డలు పాతవన్నారని అన్న కొత్త గుడ్డలు తెచ్చాడు. పైపులు వంకరన్నారు, అది మాత్రం నిజమే. దానికే ఏం చేయాలో తెలియక నా దగ్గరికి వచ్చాడు.

రాష్ట్రం వచ్చిన ఆ కాలంలో మీటింగులకు లెక్కలేదు. జెండా పండుగలు, సన్మానాలు, అభినందన సభలు. జనం ఉత్సాహం పట్టలేక పైపులెక్కేవారు. బర్రెల్ని తీసుకొచ్చి టెంటు గుంజకు కట్టేసేవారూ ఉన్నారు, బర్రె తల విదిలిస్తే పైపు చేపగాలంలా తయారయ్యేది. ఎండాకాలపు గాలిదుమారం సంగతి సరేసరి. వంగిన పైపును వేపచెట్టు పంగలో ఇరికించి ఇద్దరు మనుషులు వేలాడి సరిచేయడం అన్న పద్ధతి. దాంతో ఒకచోట వంక పోయి పక్కన ఇంకో వంక వచ్చేది. సుత్తెతో కొడితే పైపు చప్పిడి పడుతుంది, చప్పిడి పడిన చోట మళ్ళీ బరువు పడితే అక్కడే మడుచుకుంటుంది. పైపును కొట్టకూడదు, నడిపించాలి, నడుస్తూ నడుస్తూ దాని వంక అదే వదులుకోవాలి అని నేను చెబితే, అన్న నావంక జాలిగా చూసి, రిటైరైనంక మనిషికి ఇట్లాంటి ఆలోచనలే వస్తాయేమో అన్నాడు.

మనసులో నేననుకున్నది తేలికైన పనే. గాడి ఉన్న చక్రాలు కింద మూడు, పైన రెండు, ఒకదానికొకటి ఎదురుగా కాకుండా సందుల్లోకి వచ్చేట్టు పెట్టాలి. పై రెండింటినీ మరతో కిందికి దించుతూ, ఆ సందులోంచి పైపును లాగాలి. గాడి చక్రాలు లేతు మీద చేయించడం మా తాహతుకు మించిన పని. అప్పుడు వదిన అంది, బావుల గిరకలన్నీ ఊరికే వేలాడుతున్నాయి గదా అని. నిజమే, ఇంటింటికి నల్లాలు వచ్చాక చేదబావి ముఖం చూసేవాళ్ళు లేరు, గిరకకు పుట్టుకతోనే గాడి ఉంటుంది. అంత చదివిన ఇంజనీర్ల మధ్య తిరిగిన నాకు తట్టని ముక్క వదినకు తట్టిందని అన్న చాలారోజులు నన్ను ఆటపట్టించాడు.

వాడ బావి గిరకలు విప్పి పెట్టి చూస్తే మొదటి పైపుకే ఒకటి పటుక్కున పగిలింది, రెండోది మర బిగిస్తుండగానే నెర్రెబారింది. పలచటి పోత ఇనుము, అంత బరువుకు ఆగలేదు. ఇంకా మందమైన గిరకల కోసం మోత్కూరులో పాత ఇనుప సామాను కొట్టుకు వెళ్తే, మూలన దుమ్ముకొట్టుకుని మా ఊరి పెద్దబావి గిరకలే కనబడ్డాయి. పంచాయతీవాళ్ళు తూకానికి అమ్మేశారట. ఆ బావి దగ్గర మా అమ్మ, మా అవ్వ బిందె కింద పెట్టుకుని దూరంగా నిలబడి, ఎవరైనా దయతలచి నీళ్ళు పోస్తే పట్టుకునేవారు. ఆ గిరకను ముట్టుకుంటే ఊరు ఊరంతా లేచేది. అన్న వాటిలో ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటిదాకా వచ్చాడు. ఇంటికొచ్చాక వదిన దాన్ని చింతపండుతో తోమింది. ఇనుముకు చింతపండు ఎందుకని నేనంటే, నీకు తెలవదు తియ్యి మరిదీ అంది.

తుక్కులో దొరికిన చాసిస్ ముక్క మీద గిరకలు నిలబెట్టి, లోపల బేరింగులు దూర్చి, పై గిరకల్ని దించడానికి బస్సు టైర్లు మార్చే పాత స్క్రూ జాకీ బిగించి, కింది మధ్య గిరకకు గడ్డి కోసే మిషను చక్రం పిడిగా వెల్డింగు చేయించాం. రోజులు పట్టింది. మొదట్లో నేను వంక తీరేదాకా బిగించి వదిలేస్తే, పైపు బయటికొచ్చాక కాస్త వెనక్కి తిరిగేది. ఇనుము మొండిది, కొంచెం అవతలికి వంచితేనే సరిగ్గా మధ్యలో ఆగుతుంది. అది పట్టుబడ్డాక, ప్రతి విడతకూ పైపును కాస్త తిప్పుతూ, మరను కొద్దికొద్దిగా బిగిస్తూ లాగితే, వంకర పైపు అవతలి పక్కకు నూలు కట్టి చూసినట్టు సాపుగా వచ్చింది. చివర్లు మాత్రం గిరకలకు అందవు, జానెడు జాగా అట్లాగే ఉండిపోతుంది. మొదటి పైపు నిటారుగా వచ్చిన రోజు అన్న దాన్ని వాకిట్లో పాతి, చుట్టూ తిరిగి, ఒక కన్ను మూసి చూశాడు. "ఇగ ఏమంటరో సూస్త" అన్నాడు. అరవై దాటిన మనిషి ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

ఈ సంగతి ఊళ్ళోకి పోకుండా ఉంటుందా. కొన్నాళ్ళకు సేటు జీతగాడు పైపులేసుకుని వచ్చాడు, తర్వాత సేటే స్వయంగా వచ్చి బాట మీద బండాపి నిలబడ్డాడు. గడప లోపలికి రాలేదు, వదిన ఇవ్వబోయిన నీళ్ళు దాహం లేదని వద్దన్నాడు. ఆ ఎండలో దాహం లేని మనిషిని చూసి నాకు నవ్వొచ్చింది. అయితే ఇనుముకు ఏ పట్టింపూ లేదు కాబట్టి ఆయన పైపులు మాత్రం మా వాకిట్లోకి హాయిగా వచ్చి, మా చేతుల మీదుగా నడిచి, చక్కబడి వెళ్ళిపోయాయి. మజూరీ ఎంతని అడిగితే అన్న ఏమీ వద్దన్నాడు.

"పైసలొద్దు సేటూ. ఊళ్ళె ఒక్క పెండ్లికి మా టెంటు పడేటట్టు సూడు. గంతే" అన్నాడు.

సేటు కాసేపు బండి అద్దంలో ముఖం చూసుకుని, "సూద్దాం తియ్యి. పటేలింట్ల పెండ్లి ఉన్నది, నా సామాను సాలది. నువ్వు గూడ ఒక పక్క ఏద్దువు" అన్నాడు.

ఆ రాత్రి అన్న అన్నం తిన్నాడో లేదో గానీ, మర్నాటి నుంచి పైపుల్లో మంచివి ఏరడం మొదలుపెట్టాడు. పెండ్లికి ముందే సేటు తన దగ్గరున్న పైపులన్నీ ట్రాక్టరుకెత్తి పంపాడు. అందులో కొన్నింటికి నల్లరంగు పట్టీ ఉంది. ఊరి పద్ధతి తెలియనివాళ్ళకు చెబుతున్నాను. చావు ఇంటి ముందర, దినాలప్పుడు నిలబెట్టే పైపులు వేరు, పెండ్లికి నిలబెట్టేవి వేరు. కలిసిపోకుండా చావు పైపులకు నల్లపట్టీ వేసుకుంటారు. మా వాడలో ఆ ముచ్చట లేదు. ఉన్న పైపులే కొన్ని, వాటితోనే పెండ్లీ, చావూ, పాస్టరు గారి సభలూ.

గిరకల మధ్య నలిగితే రంగు ఉంటుందా, గిరకలు నడిచిన మేర నల్లపట్టీలు పొరలుగా లేచి వాకిట్లో రాలాయి. అన్న అది చూసి చేయి ఆపి, పట్టీలు పోతున్నాయి, విడిగా పెట్టుకో, తర్వాత తెలియదు అని జీతగాడికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. వాడు బీడీ వెలిగించుకుంటూ "ఏంగాదు తియ్యి పెద్దనాయినా, మా సేటు అన్నిటికి తెల్లరంగు ఏపిస్తడట" అన్నాడు. సేటు నిజంగానే అన్నిటికీ కలిపి మెరిసే తెల్లరంగు వేయించాడు. చావువేవో, పెండ్లివేవో ఆయనకు కూడా తెలియకుండా పోయింది.

పెండ్లినాడు తెల్లవారకముందే అన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ట్రాక్టరు మీద కూర్చున్నాడు. టెంట్లు వేసే పనికి ఇస్త్రీ చొక్కా ఏమిటని వదిన నవ్వింది. పటేలు ఇంటి ముందర పచ్చని పందిరికి ఆనుకుని ఒక పక్క సేటు టెంటు, ఇంకో పక్క మాది. అన్న ఒక్కొక్క పైపును చేత్తో తుడిచి నిలబెట్టాడు. గుడ్డ కట్టాక బాట మీదికి వచ్చి దూరం నుంచి చూసుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసుకున్నాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి, టెంటు బాగుందన్నారు కూడా. పొద్దెక్కి చుట్టాలు దిగే వేళకు పటేలు తల్లి, పండు ముసలమ్మ, కర్ర పట్టుకుని పందిరి చూడటానికి వచ్చింది. ఒక పైపు మొదట్లో, నేలలో దిగగొట్టినప్పుడు తెల్లరంగు పెచ్చు లేచి, కింద నల్లపట్టీ బయటపడింది. గిరకలకు అందని ఆ జానెడు జాగాలో మిగిలిపోయిన పట్టీ అది.

"గిది సావు పైపు!" అని అరిచింది ముసలమ్మ.

అది సేటు టెంటులోని పైపు. సేటుకు తెలుసు, మాకు తెలుసు, నిలబెట్టిన జీతగాడికి తెలుసు. కానీ సేటు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మాది గాదు పటేలా, వాడోళ్ళ సామాను గలిసింది" అన్నాడు. మా అన్నకు జీవితంలో ఎదురు మాట్లాడటం రాదు. ఆ రోజు మాత్రం ముందుకొచ్చాడు. అబద్ధం చెప్పి ఉన్నా బతికిపోయేవాడు, మావీ వేరువేరుగానే ఉంటాయి, పెండ్లివే తెచ్చానని అనొచ్చు. అన్న తన దగ్గరున్న ఒక్కగానొక్క నిజం తీసి వాళ్ళ ముందర పెట్టాడు.

"మా పైపులకు నల్లపట్టే ఉండది పటేలా. మాకు సావుకు వేరే, పెండ్లికి వేరే ఏడున్నయి? అన్నిటికి గివే."

అన్నాక గానీ తనేమన్నాడో అన్నకు తెలియలేదు. ముసలమ్మ మా టెంటు వైపు తిరిగి, ఒక్కొక్క పైపునూ పై నుంచి కిందిదాకా చూసి, "అంటే గివన్ని సావు పైపులే? సావుకు పాతినయి దెచ్చి నా మనుమని పందిట్ల పాతిండ్రా?" అంది. పటేలు గట్టిగా అనలేదు, ఆయన ఎప్పుడూ గట్టిగా అనడు. "తీసెయ్యిండ్రి" అన్నాడు, అంతే. మా చేతులతో మేము తీసుకునేదాకా కూడా ఆగలేదు. తలా ఒక చెయ్యి వేసి గుడ్డ చించి, పైపులు ఊడబీకి బాట మీదికి విసిరేశారు. వచ్చిన కార్లు, ట్రాక్టర్లు వాటి మీదుగానే పోయాయి. నల్లపట్టీ ఉన్న ఆ పైపు ఒక్కటి మార్చుకుని సేటు టెంటు మాత్రం సాయంత్రం దాకా నిలబడే ఉంది, దాని కిందనే చుట్టాలు కూర్చుని బువ్వ తిన్నారు.

ఇన్నేళ్ళయినా నాకు ఆ కోపం ఆరలేదు. నల్లపట్టీ కాదు, మైల కాదు, ఏదో ఒక సాకు కావాలి వాళ్ళకు. ఆ సాకును మా గిరకలే అందించాయని తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. అన్న తన వంగిన పైపులు ఏరుకుని ఇంటికి తెచ్చి గోడకు ఆనించాడు. మిషనులో పెట్టి నిమిషాల్లో సరిచేయొచ్చు. నేను పెడదామన్నాను, వదిన పెడదామంది. ఆయన ఆ ఇస్త్రీ చొక్కా విప్పి, దాంతోనే పైపుల మట్టి తుడిచాడు.

ఇంత జరిగినా మరుసటి పెండ్లిళ్ళ కాలానికి సేటు జీతగాడు ఏమీ ఎరగనట్టు మళ్ళీ వంకర పైపులేసుకుని వచ్చాడు. అన్న మంచం మీద నుంచి లేవబోతుంటే వదిన అడ్డం నిలబడింది.

"మా మిషనుకు మైల ముట్టిందట గదా కొడుకా. మీ పెండ్లి పైపులు గిండ్ల వెట్టి ఎందుకు ఆగం గావాలె? తీస్కపో" అంది.

వాడు తలవంచుకుని బండి తిప్పుకున్నాడు. మా ఇంట్లో ఆ మాట ఒక్కటే మేము గెలిచిన మాట. అయినా అన్న నవ్వలేదు. ఆ తర్వాత బతికిన కాలమంతా టెంటు పని కొడుక్కు అప్పజెప్పి, వాకిట్లో కూర్చుని గొర్రెపిల్లలకు ఆకు వేసేవాడు. ఊరి వైపు బాట మీదికి మాత్రం పోలేదు, మోత్కూరు పోవాలన్నా చేన్ల గట్ల మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. కన్నుమూసే ముందర కూడా ఆ పెండ్లి ముచ్చట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కొంచెం తెరిపిగా ఉండేది.

ఇప్పుడు ఊళ్ళో ఎవరూ ఇంటి ముందర పెండ్లి చేయడం లేదు. పటేలు ఇంటి నుంచి కూలి చేసుకునే ఇంటి దాకా అందరివీ హైవే మీది హాళ్ళే. అక్కడ వంట ఎవరు చేశారో, సోఫాలు ఎవరు మోశారో, పూలు కట్టిన ఆ పైపులు నిన్న ఏ ఇంటి ముందర నిలబడి వచ్చాయో అడిగినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. ఇంత తేలికగా వదిలిపోయే పట్టింపే అయితే, ఆ ఒక్క పూట మా అన్న కోసం వదులుకుంటే వాళ్ళ సొమ్మేం పోయేది?

సేటు టెంట్లు అమ్మేసి ఒక ఫంక్షన్ హాలులో భాగం కొనుక్కున్నాడు. అయితే ఏ హాలువాడూ శవాన్ని రానివ్వడు. చావులు మాత్రం ఇంకా ఇంటి ముందరే జరగాలి. అందుకని ఊళ్ళో ఎవరు పోయినా ఇప్పుడు మా అన్న కొడుక్కే ఫోను. పోయినేడు పటేలు పోయాడు. మావాడు ట్రాక్టరు తీస్తుంటే నేనూ ఎక్కాను, ఎందుకెక్కానో నాకే తెలియదు. ఆనాడు పెండ్లికొడుకైన పటేలు కొడుకు ఎదురొచ్చి, మావాణ్ణి "అన్నా" అని పిలిచి, "జర జల్ది ఏయుండ్రి, ఎండెక్కుతాంది" అన్నాడు. వాళ్ళు తాగే గ్లాసుల్లోనే మాకూ చాయ ఇప్పించాడు. మర్యాదలో ఏ లోటూ లేదు.

టెంటు నిలబడ్డాక మావాడు చేతులు దులుపుకుంటూ నా పక్కకొచ్చి, "సూసినవా చిన్నాయినా, ఇప్పుడు ఊరంత మన టెంటే" అని మురిసిపోయాడు. వాడి సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక తలూపాను. ఆ ముసలమ్మ ఆనాడు మా పైపులన్నీ చావు పైపులే అంది. అప్పుడది అబద్ధం. మా అన్న టెంటు కింద అప్పటికి ఎన్నో పెండ్లిళ్ళు జరిగాయి. ఇప్పుడు వాడలో పిల్లలు కూడా హాళ్ళలోనే పెండ్లి చేసుకుంటున్నారు, మా పైపులు చావుకు తప్ప ఇల్లు కదలడం లేదు. పటేలు ఇంటి ముందర, సరిగ్గా ఆ జాగాలోనే, చక్కగా నిటారుగా నిలబడిన పైపుల్ని చూస్తూ, ఆ ముసలమ్మ మాటే నెగ్గింది గదా అనుకున్నాను.